వాచకం డైరీ: లైబ్రరీ కొత్తదైంది, వరుసల మధ్య దూరం మారిపోయింది

శనివారం

32 పేజీల పుస్తకం 38 పేజీలైంది. కొత్తగా ఒక్క అక్షరం రాయలేదు, బొమ్మలు అవే, పేజీల రూపం నిర్ణయించే స్టైల్‌షీట్ ముట్టుకోలేదు. లాప్‌టాప్‌లో పాత హార్డ్‌డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేసి, ఉబుంటు 18.04 ఉన్నచోట 22.04 ఎక్కించాను. అంతే తేడా.

ఈ పుస్తకం నెల్లిమర్లలో మా పిన్ని సాయంత్రాలు చదువు చెప్పే పిల్లల కోసం. రెండు, మూడు తరగతుల వాళ్లు. గుణింతాలు బాగానే చదువుతారు, ఒత్తుల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. అందుకని పెద్ద అక్షరాలతో, మన చుట్టూ ఉన్న సంగతులతో ఒక చిన్న వాచకం చేద్దామంది. చంపావతి నది, రామతీర్థం కొండ, పైడితల్లి సిరిమాను, బొబ్బిలి వీణ, పొందూరు ఖద్దరు, ఇలా ఒక్కోటి ఒక్కో పాఠం. రాసేది పిన్ని, పేజీలు కట్టేది నేను. పాఠాలన్నీ హెచ్‌టీఎంఎల్‌లో ఉంటాయి, వీజీప్రింట్ అనే పైథాన్ లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) వాటిని పీడీఎఫ్ చేస్తుంది. సైజు డెమీ 1/8. ప్రెస్సులో 16 పేజీలకు ఒక ఫారం లెక్క, మాకు సరిగ్గా రెండు ఫారాలు. 38 పేజీలంటే మూడో ఫారం పడుతుంది, దాంట్లో పది పేజీలు ఖాళీగా పోతాయి, పిన్ని పెన్షన్ డబ్బులతో వేయిస్తున్న పుస్తకానికి అది చిన్న ఖర్చు కాదు.

పేజీల లెక్క కంటే ముందు కళ్లకు కనబడింది చేతిరాత పేజీ. ప్రతి పాఠం చివర గీతల మీద నాలుగైదు వాక్యాలు పెడతాను, పిల్లలు వాటిని చూసి కింద రాసుకోవాలి. గీతలు 27 పాయింట్లకు ఒకటి (పాయింటంటే అంగుళంలో 72వ వంతు), అక్షరాలు ఆ గీత మీద కూర్చోవాలి. ఇప్పుడు మొదటి వరుస గీత దగ్గర ఉంది, రెండోది కిందికి జారింది, నాలుగో వరుసకు వచ్చేసరికి అక్షరాలు గీతల మధ్య గాల్లో ఉన్నాయి. వాట్సాప్‌లో ఆ పేజీ పంపితే పిన్ని వెంటనే ఫోన్ చేసింది. "ఏటి నాన్నా, గీతల మీద అక్షరాలు నిలబడట్లేదు?"

అదే రోజు, రాత్రి

ముందు కొలవాలి. కంటితో చూసి "కొంచెం ఎక్కువైంది" అనుకుంటే ఎక్కడికీ చేరం. పాత పీడీఎఫ్ దాచి ఉంది. పీడీఎఫ్‌టుటెక్స్ట్ అనే ప్రోగ్రాంకి బీబాక్స్ అని ఇస్తే ప్రతి పదం పేజీలో ఎక్కడుందో పాయింట్లలో రాసిస్తుంది. పక్కపక్క వరుసల్లోని పదాల స్థానాలు తీసుకుని తీసివేత చేశాను. పాతదాంట్లో వరుసకీ వరుసకీ 27 పాయింట్లు, కొత్తదాంట్లో 33.2. అక్షరం సైజు రెంటిలోనూ 20 పాయింట్లే. అంటే పాతది 1.35 రెట్లు, కొత్తది 1.66 రెట్లు. వరుసకి 6.2 పాయింట్లు పెరిగితే నాలుగు వరుసలకు దాదాపు ఒక వరుస ఎత్తు తేడా వస్తుంది, చేతిరాత పేజీలో జరిగింది అదే.

స్టైల్‌షీట్‌లో పాఠం పేరాలకు లైన్-హైట్, అంటే వరుస ఎత్తు, ఏమీ ఇవ్వలేదు. ఇవ్వకపోతే దాని అర్థం "నార్మల్", అంటే ఫాంటు ఎంత చెబితే అంత. అయితే ఫాంటు కూడా అదే కదా! ఫైలు రెండుచోట్లా బైటు తేడా లేకుండా ఒకటే, చెక్‌సమ్ చూశాను. పీడీఎఫ్‌ఫాంట్స్‌తో చూస్తే రెండు పీడీఎఫ్‌లలోనూ తెలుగుకు అదే ఫాంటు ఎక్కింది. ఇంగ్లిషు అంకెలకు మాత్రం పాతదాంట్లో డెజావూ శాన్స్, కొత్తదాంట్లో నోటో శాన్స్ ఎక్కాయి. మా తెలుగు ఫాంటులో 0 నుంచి 9 వరకు అంకెలు లేవు, బొబ్బిలి పాఠంలో 1757 అని రాస్తే ఆ నాలుగు అంకెలూ సిస్టమ్ తనకు దొరికిన ఇంకో ఫాంటులోంచి తెచ్చుకుంటోంది. ఇది రాసిపెట్టుకున్నాను, తర్వాత పనికొస్తుందనిపించింది. కానీ అంకెలు లేని వరుసల్లో కూడా 33.2 ఉంది కాబట్టి అసలు కారణం ఇది కాదు.

ఆదివారం

అనుమానం మొదట వీజీప్రింట్ మీదకే పోయింది. పాత డిస్కులో ఉన్నది వెర్షన్ 52, కొత్తదాంట్లో పిప్ (పైథాన్ లైబ్రరీలను దించే ప్రోగ్రాం) తెచ్చింది దానికంటే చాలా కొత్తది. మధ్యలో 53 దగ్గర పెద్ద మార్పు ఉంది: అంతవరకు పీడీఎఫ్ గీయడానికి కైరో లైబ్రరీని వాడేది, 53లో దాన్ని వదిలేసి పీడీఎఫ్ తానే రాయడం మొదలెట్టింది. అంత మార్పు జరిగితే వరుసలు కదలవా అనిపించడం సహజం.

కానీ అనుమానం వేరు, రుజువు వేరు. వీజీప్రింట్ వరుసలు పేర్చడానికి అడిగేది పాంగో అనే ఇంకో లైబ్రరీని. పాంగో విడిగా ఏం చెబుతోందో చూస్తే వీజీప్రింట్ సంగతి తేలిపోతుంది. పాంగో టూల్స్‌లో పాంగో-వ్యూ అని చిన్న కమాండ్ ఉంది, ఫాంటు పేరు, సైజు, వాక్యం ఇస్తే బొమ్మ గీసిస్తుంది. పాత డిస్కును యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి దాని నుంచే బూట్ చేశాను (అప్‌గ్రేడ్ చేసేవాళ్లెవరైనా సరే పాత డిస్కును వెంటనే తుడిచేయకండి, ఈ పని మొత్తంలో నాకు ఆదుకున్నది అదే). డీపీఐ 72 (అంగుళానికి 72 చుక్కలు) పెట్టి, సైజు 100 ఇచ్చి, ఒకసారి ఒకే వరుస, ఇంకోసారి పదకొండు వరుసలు గీయించి, ఎత్తుల తేడాని పదితో భాగించాను. ఇలా చేస్తే చుట్టూ వదిలే మార్జిన్ లెక్కలోకి రాదు.

పాత డిస్కు మీద పాంగో 1.40, వరుసకి 135. కొత్తదాని మీద పాంగో 1.50, వరుసకి 166. వీజీప్రింట్ జోక్యం లేకుండానే తేడా మొత్తం వచ్చేసింది. దాని జోలికి ఇక పోనక్కర్లేదు.

ఆదివారం సాయంత్రం, కరెంటు వచ్చాక

ఇప్పుడు ఫాంటు పొట్ట విప్పాలి. ఫాంట్‌టూల్స్‌తో వచ్చే టీటీఎక్స్‌తో రెండు పట్టికలు మాత్రం బయటికి తీశాను: హెచ్‌హెచ్‌ఈఏ, ఓఎస్/2. ఈ భాగం తెలుగులో ఎక్కడా వివరంగా కనబడలేదు కాబట్టి కొంచెం సాగదీసి రాస్తాను.

ఒక ఫాంటు ఫైలులో "నా అక్షరాలు ఇంత పైకి వెళ్తాయి, ఇంత కిందికి దిగుతాయి" అని చెప్పే అంకెలు ఒక్క చోట కాదు, మూడు చోట్ల ఉంటాయి. హెచ్‌హెచ్‌ఈఏ పట్టికలో అసెండర్ (పైకి ఎంత), డిసెండర్ (కిందికి ఎంత), లైన్‌గ్యాప్ (వరుసల మధ్య అదనపు ఖాళీ) ఉంటాయి, ఇవి మొదట్నుంచీ మ్యాక్ చూసేవి. ఓఎస్/2 పట్టికలో టైపో అసెండర్, టైపో డిసెండర్, టైపో లైన్‌గ్యాప్ అని మరో జత. అదే పట్టికలో విన్ అసెంట్, విన్ డిసెంట్ అని మూడోది, ఇవి విండోస్ కోసం, పాత విండోస్ ప్రోగ్రాముల్లో అక్షరం ఈ హద్దు దాటితే దాటిన ముక్క కోసుకుపోతుంది. తెలుగు ఒత్తులు కింద సగం తెగిపోయి కనబడటం చాలామంది చూసే ఉంటారు, దానికి ఒక కారణం ఇదే. చరిత్రలో ఒక్కో కంపెనీ ఒక్కో జతను నమ్ముకోవడం వల్ల మూడూ మిగిలిపోయాయి. మూడూ ఒకేలా ఉంటే ఏ గొడవా లేదు. మా ఫాంటులో అవి ఒకేలా లేవు.

ఈ ఫాంటులో ఒక ఈఎమ్‌కు, అంటే మనం ఇచ్చే అక్షరం సైజుకు, 1000 యూనిట్లు. హెచ్‌హెచ్‌ఈఏలో పైకి 900, కిందికి 450, మొత్తం 1350. టైపోలో పైకి 1100, కిందికి 560, మొత్తం 1660. విన్‌లో కూడా 1100, 560. లైన్‌గ్యాప్ రెండుచోట్లా సున్నా. 135, 166 ఎక్కడినుంచి వచ్చాయో ఇక చెప్పక్కర్లేదు. పాత పాంగో హెచ్‌హెచ్‌ఈఏ జతను తీసుకుంది, కొత్తది టైపో జతను తీసుకుంది.

ఎందుకు? ఓఎస్/2 పట్టికలోనే ఎఫ్‌ఎస్‌సెలెక్షన్ అని ఒక అంకె ఉంది. దాంట్లో ఒక్కో బిట్టుకి ఒక్కో అర్థం. బిట్ 7 ఉంటే, అంటే ఆ అంకెలో 128 కలిసి ఉంటే, "వరుసల దూరానికి నా టైపో అంకెలు వాడండి" అని ఫాంటు చేసినవాళ్లు చెప్పినట్టు. ఈ బిట్టు ఓఎస్/2 పట్టిక నాలుగో వెర్షన్‌తో వచ్చింది. మా ఫాంటులో అది పెట్టి ఉంది. పాత డిస్కులోని ఫ్రీటైప్ 2.8 (ఫాంటు ఫైళ్లను చదివే లైబ్రరీ) ఈ బిట్టును పట్టించుకునేది కాదు: ముందు హెచ్‌హెచ్‌ఈఏ చూస్తుంది, అక్కడ సున్నాలుంటేనే టైపో వైపు వెళ్తుంది, అదీ లేకపోతే విన్. తర్వాత వచ్చిన ఫ్రీటైప్ ఈ బిట్టును గౌరవించడం మొదలెట్టింది. ఇటు పాంగో కూడా 2019లో వచ్చిన 1.44 నుంచి ఫాంటు కొలతల కోసం ఫ్రీటైప్‌ని వదిలి, అక్షరాలను పేర్చి మాటలు చేసే హార్ఫ్‌బజ్ లైబ్రరీని అడుగుతోంది, హార్ఫ్‌బజ్ కూడా ఆ బిట్టు చూస్తుంది. (అదే 1.44లో బిట్‌మ్యాప్ ఫాంట్లు, టైప్ 1 ఫాంట్లు కూడా పాంగోలో పనిచేయడం మానేశాయి. అప్‌గ్రేడ్ తర్వాత మీ పాత ఫాంటు అసలు కనబడటమే లేదంటే అటు చూడండి.)

అంటే కొత్త లైబ్రరీ ఏదీ పాడుచేయలేదు. ఫాంటు చేసినవాళ్లు ఏళ్ల కిందటే చెప్పిన మాటను ఇప్పుడు వింటోంది.

సోమవారం, ఆఫీసు నుంచి వచ్చాక

నిన్నటిది సిద్ధాంతం, ఇవాళ దాన్ని రుజువు చేసుకోవాలి. ఫాంటు నకలు ఒకటి తీసి, పేరు మార్చి (లేకపోతే సిస్టమ్ ఏ ఫైలును తీసుకుంటోందో మనకే తెలియదు), ఎఫ్‌ఎస్‌సెలెక్షన్‌లోంచి 128 తీసేశాను. ఫాంట్‌టూల్స్‌లో ఇది రెండు మూడు లైన్ల పని. ఫాంట్ల జాబితాను తాజా చేసే ఎఫ్‌సీ-క్యాష్ కమాండ్ నడిపి, కొత్త సిస్టమ్ మీదే పుస్తకం మళ్లీ కట్టాను.

27 పాయింట్లు. అదే పాంగో 1.50, అదే వీజీప్రింట్, ఒక్క బిట్టు తీసేయగానే పాత దూరం తిరిగొచ్చింది. కారణం ఇదేనని ఇక ఏ సందేహమూ లేదు.

ఇలాగే ఉంచేసి ప్రెస్సుకి పంపొచ్చు కదా అనిపిస్తుంది. బొబ్బిలి పాఠం తెరిచాక ఆ ఆలోచన మానుకున్నాను. "1757" ఉన్న వరుస దగ్గర పై వరుసకీ దానికీ మధ్య ఎడం ఎక్కువగా ఉంది. కొలిస్తే 3.4 పాయింట్లు ఎక్కువ. శనివారం రాసిపెట్టుకున్న అంకెల ఫాంటు సంగతి ఇక్కడ పనికొచ్చింది. నోటో శాన్స్ అసెండర్ 1069, మా ఫాంటుది హెచ్‌హెచ్‌ఈఏ ప్రకారం 900. లైన్-హైట్ నార్మల్‌లో వదిలేస్తే, వరుసలో ఉన్న ఫాంట్లన్నిటిలో ఎవరి ఎత్తు ఎక్కువైతే వరుస అంత పెరుగుతుంది. 169 యూనిట్లు, 20 పాయింట్ల మీద 3.4. పాత సిస్టమ్‌లో అంకెలు డెజావూ శాన్స్‌లోంచి వచ్చేవి, దాని అసెండర్ ఈఎమ్‌లో 0.928 మాత్రమే కాబట్టి తేడా 0.56 పాయింట్లే, ఎవరి కంటికీ ఆనలేదు.

కాబట్టి ఏ ఫాంటు సిస్టమ్‌లో ఉందన్నదాన్ని బట్టి, ఏ లైబ్రరీ ఏ పట్టిక చదివిందన్నదాన్ని బట్టి పిల్లల పుస్తకంలో వరుసలు కదులుతున్నాయి. దీన్ని ఇలా వదిలేయడం నాకు ఇష్టం లేదు. వరుసల దూరం మనం నిర్ణయించి రాయాలి, అది రాయాలంటే మన అక్షరాలు నిజంగా ఎంత లోతుకి దిగుతాయో తెలియాలి.

బుధవారం

ఈ రోజంతా గట్టి పదాల మీదే. పిన్ని పాఠాల్లోంచి, పిల్లల నిఘంటువులోంచి ఒత్తు కింద ఒత్తు వచ్చే మాటలన్నీ ఏరాను: రాష్ట్రం, వస్త్రం, స్త్రీ, లక్ష్మీ, జ్యోత్స్న, వైశిష్ట్యం, స్వాతంత్ర్యం. ఇంగ్లిషుకి పైన ఒక గీత, కింద ఒక గీత గీసుకుంటే సరిపోతుంది, కిందికి దిగే అక్షరాలు జి, వై లాంటివి కొన్నే, అన్నీ ఒకే లోతుకి దిగుతాయి. తెలుగుకి అలా కాదు. ఒత్తు లేని మాట గీత మీదే ఆగుతుంది, ఒక్క ఒత్తయితే ఒక మెట్టు దిగుతుంది, "రాష్ట్రం"లో ష కింద ట ఒత్తు, దాన్ని చుట్టుకుంటూ క్రావడి. పైవైపు చూస్తే గుడిదీర్ఘం, ఏత్వం, ఓత్వం ఎత్తుకి పోతాయి. ఐత్వమైతే పైనా కిందా రెండు వైపులా చోటు అడుగుతుంది.

ఫాంటు హెడ్ పట్టికలో మొత్తం అక్షరాల హద్దులు రాసి ఉంటాయి, వాటిని తీసుకుంటే చాలదా అని మొదట చూశాను. చాలదు. ఆ హద్దులు విడివిడి గ్లిఫ్‌లవి (ఫాంటులో గీసి ఉన్న ఒక్కో అక్షర రూపం ఒక గ్లిఫ్). రెండో ఒత్తును మొదటి ఒత్తు కిందికి జరిపేది జీపాస్ పట్టికలోని నియమాలు, ఆ జరగడం మాట పేర్చినప్పుడే తెలుస్తుంది. అందుకని హార్ఫ్‌బజ్ వాళ్ల హెచ్‌బీ-షేప్‌కి షో-ఎక్స్‌టెంట్స్ అని చెప్పి, పేర్చిన తర్వాత ఒక్కో ముక్క ఎక్కడ పడిందో, దాని ఎత్తెంతో తీసుకున్నాను.

ఈ ఫాంటులో అన్నిటికంటే లోతుకి వెళ్లింది "రాష్ట్రం"లోని క్రావడి, గీత కింద 520 యూనిట్లు. అన్నిటికంటే ఎత్తుకి వెళ్లింది గుడిదీర్ఘం, గీత పైన 830. రెండూ కలిపితే 1350.

ఆ అంకె చూసి చాలాసేపు ఆలోచించాను. హెచ్‌హెచ్‌ఈఏ జత మొత్తం కూడా 1350 కదా. అంటే ఇన్నాళ్లూ మనం బాగుందనుకున్న పాత పుస్తకంలో, పై వరుస "రాష్ట్రం" కింద సరిగ్గా కింది వరుస గుడిదీర్ఘం వస్తే రెంటి మధ్యా వెంట్రుక వాసి కూడా ఖాళీ లేదు. కిందటేడు పిన్ని జెరాక్స్ తీయించి పంచిన కాపీ వెతికి చూశాను. ఉంది. ఖద్దరు పాఠంలో "వస్త్రం" కింద "నది" వచ్చినచోట ఒత్తు తోక కింది అక్షరం గుడి దగ్గరికి వచ్చి ఆగింది, జెరాక్స్ మసి వల్ల రెండూ అంటుకున్నాయి.

పిన్నికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ కాసేపు ఆగి అంది: "అందుకేనా! ఆ పాఠంలో ఒక గుంటడు ఎప్పుడూ నది అన్నచోట నదీ అని చదివేవోడు. వాడికి గుడి రాలేదనుకుని పలక మీద మళ్లీ మళ్లీ దిద్దించాను నాన్నా."

నాకు ఇదంతా పేజీల లెక్క గొడవగా మొదలైంది. ఆ పిల్లవాడు చదివింది కాగితం మీద ఉన్నదే. అచ్చు వాడికి అలా చూపించింది.

గురువారం

ప్రెస్సు గంటస్తంభం దగ్గరే, ఆఫీసు నుంచి వస్తూ ఆగాను. అక్కడ డీటీపీ చేసే పెద్దాయన పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్లికార్డులు, కరపత్రాలు ఏళ్లుగా కడుతున్నారు. నా కొలతలన్నీ కాగితం మీద గీసి చూపించాను.

"మాకీ గొడవ ఉండదు బాబూ. లీడింగ్ ఎప్పుడూ మనమే కొడతాం. ఆటోలో వదిలీస్తే నూట ఇరవై శాతం పెట్టీసి ఊరుకుంటది, ఒత్తులన్నీ కిందోటి మీద పడిపోతాయి. పిల్లల పుస్తకమైతే ఇరవై మీద ముప్పై పెట్టండి."

లీడింగ్ అంటే వరుసల దూరం. 20 మీద 30, అంటే ఒకటిన్నర రెట్లు. నా లెక్కలో తక్కువలో తక్కువ 1.35 కావాలి, దాని మీద కాస్త గాలి ఆడాలంటే 1.5 సరిపోతుందని నేనూ అనుకున్నాను. ఆయన ఏ పట్టికా చూడకుండా చేతి అలవాటుతో అదే అంకె చెప్పారు. ఆ అలవాటు వెనక ఎన్ని వేల పేజీల ప్రూఫులున్నాయో!

శనివారం, నెల్లిమర్ల

ఒకే పేజీని మూడు రకాలుగా ప్రింటు తీసుకెళ్లాను: 1.35, 1.5, 1.66. పిన్ని ఏ పిల్లలకూ ఏమీ చెప్పకుండా తలా ఒకటి ఇచ్చి, వేలు పెట్టి చదవమంది. ఇరుకు పేజీలో వేలు ఒత్తులను కప్పేస్తోంది, ఒకమ్మాయి వేలెత్తి చూసుకుని మళ్లీ చదివింది. 1.66 పేజీలో ఒత్తులకు ఏ ఇబ్బందీ లేదు కానీ వరుసలు మరీ విడివిడిగా ఉండటంతో కొందరు ప్రతి వరుస చివరా వాక్యం అయిపోయినట్టు ఆగుతున్నారు. ఒకటిన్నర పేజీ నడిచింది. ఇది పరిశోధన కాదు, ఒక వసారాలో జరిగిన సంగతి, కానీ ఈ పుస్తకం ఆ వసారాలోని పిల్లల కోసమే కాబట్టి నాకది చాలు.

తర్వాత పేజీల లెక్క. పేజీ ఎత్తు 216 మిల్లీమీటర్లు, పైన 16, కింద 18 పోగా అక్షరాలకు 182, అంటే సుమారు 516 పాయింట్లు. 27తో 19 వరుసలు పట్టేవి, 33.2తో 15, 30తో 17. పదిహేడైతే పుస్తకం 35 పేజీల దగ్గర ఆగుతోంది, మూడో ఫారం తప్పట్లేదు. మార్జిన్లు తగ్గిద్దామంటే సెంటర్ పిన్ను కొట్టి అంచులు కోసే పుస్తకం, పిల్లల బొటనవేలికి చోటుండాలి. అక్షరాన్ని 19 పాయింట్లకు దించి 1.5 ఉంచితే వరుస 28.5, పేజీకి 18 వరుసలు, పైగా వరుసకు ఒకటి రెండు అక్షరాలు ఎక్కువ పడతాయి. కట్టి చూస్తే సరిగ్గా 32 వచ్చింది.

అక్షరం తగ్గిస్తానంటే పిన్ని ఒప్పుకోదేమో అని టెన్షన్ పడ్డాను. 19, 20 పేజీలు పక్కపక్కన పెట్టి చూసి, "అక్షరం ఎంత పెద్దదైతే ఏం లాభం, ఒత్తు కనబడాలి గానీ" అంది. అలా తేలింది.

ఆదివారం

స్టైల్‌షీట్ పనులు. లైన్-హైట్ 1.5 అని యూనిట్ లేకుండా రాశాను. 28.5 పాయింట్లు అని బాడీకి రాస్తే ఆ 28.5 పాఠం పేర్లకు కూడా దిగుతుంది, అవి 30 పాయింట్ల అక్షరాలు, రెండు వరుసల పేరైతే ఒకదానిమీద ఒకటి పడతాయి. ఒట్టి 1.5 అయితే ఎవరి సైజును బట్టి వాళ్లు గుణించుకుంటారు. చేతిరాత గీతల దూరం కూడా అదే కొలతకు కట్టాను, ఇకపై రెండూ కలిసే కదులుతాయి. ఫాంట్ల వరుసలో తెలుగు ఫాంటు తర్వాత నోటో శాన్స్ అని పేరు పెట్టి రాశాను, అంకెలు ఎక్కడినుంచి తేవాలో సిస్టమ్ ఇష్టానికి వదల్లేదు.

ఇంత చేశాక కూడా పాఠం పేర్లు రంగు పట్టీలో కొంచెం కిందికి దిగినట్టున్నాయి. లైన్-హైట్ మనమే ఇచ్చినా ఎందుకు? స్టైల్‌షీట్ రాసే భాష సీఎస్ఎస్‌లో వరుస ఎత్తులోంచి ఫాంటు అసెండర్, డిసెండర్ మొత్తాన్ని తీసేసి, మిగిలినదాన్ని పైనా కిందా సగం సగం పంచుతారు. వరుసకీ వరుసకీ దూరం మనం చెప్పినట్టే ఉంటుంది, కానీ ఆ వరుస పెట్టెలో అక్షరాల గీత ఎక్కడ పడుతుందన్నది మాత్రం ఇంకా ఫాంటు అంకెలనుంచే వస్తుంది. 900, 450 అయితే గీత మధ్యనుంచి 225 యూనిట్లు కింద, 1100, 560 అయితే 270 యూనిట్లు కింద. తేడా 45 యూనిట్లు, 30 పాయింట్ల పేరుకి 1.35 పాయింట్లు, అర మిల్లీమీటరు లోపే. పేరాల్లో కనబడదు, సన్నని పట్టీలో కనబడుతుంది. పట్టీకి పై ప్యాడింగ్ తగ్గించి కింద అంతే పెంచాను.

పాఠం పేర్లకు గురజాడ ఫాంటు వాడదామని పిన్ని ముందునుంచీ అడుగుతోంది. గురజాడ, గిడుగు పేర్ల మీద తెలుగు ఫాంట్లు రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. విజయనగరం పిల్లల పుస్తకం మీద గురజాడ పేరున్న అక్షరాలు ఉంటే బాగుంటుంది, నిజమే. కానీ ఫాంటు మార్చడమంటే గట్టి పదాల పేజీ మళ్లీ కొలవడం, పట్టీల ప్యాడింగ్ మళ్లీ సరిచూడటం. రెండో పుస్తకానికి చేస్తానని మాటిచ్చాను.

ఫాంటులోనే మూడు జతలూ ఒకటి చేసేస్తే? చేయొచ్చు. గూగుల్ ఫాంట్స్ కొత్త ఫాంట్లకు చెప్పే పద్ధతి కూడా దాదాపు అదే: హెచ్‌హెచ్‌ఈఏ, టైపో సమానంగా, లైన్‌గ్యాప్ సున్నా, బిట్ 7 పెట్టి, విన్ మాత్రం అక్షరాల హద్దులను బట్టి. మా ఫాంటు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద ఉంది కాబట్టి మార్చే హక్కు ఉంది, రిజర్వు చేసిన పేరుంటే మార్చినదానికి వేరే పేరు పెట్టాలి. ఇంట్లో పరీక్షకు అది బాగుంది, కానీ మార్చిన ఫాంటును వెంటేసుకుని తిరగడం కంటే స్టైల్‌షీట్‌లో ఒక అంకె రాయడం తేలిక, రేపు ఇంకొకరు ఈ పుస్తకం కట్టాలన్నా ఇబ్బంది ఉండదు. వెబ్ పేజీలు చేసేవాళ్లకైతే ఫాంట్-ఫేస్‌లో అసెంట్-ఓవర్‌రైడ్, డిసెంట్-ఓవర్‌రైడ్ ఉన్నాయి, క్రోమ్ 87 నుంచి, ఫైర్‌ఫాక్స్ 89 నుంచి పనిచేస్తాయి.

మంగళవారం

పీడీఎఫ్ ప్రెస్సుకి ఇచ్చాను. ఒకసారి పీడీఎఫ్ అయ్యాక ప్రతి అక్షరం స్థానం దాంట్లో రాసి ఉంటుంది, ప్రెస్సు కంప్యూటర్లో ఏ పాంగో ఉన్నా లేకపోయినా వరుసలు కదలవు. ప్రూఫు రేపు సాయంత్రం ఇస్తామన్నారు.

ఇంకో పని కూడా పూర్తయింది. గట్టి పదాల పేజీని ప్రాజెక్టులోనే ఒక ఫైలుగా పెట్టాను, పుస్తకం కట్టే స్క్రిప్టు ముందు ఆ పేజీని కట్టి, పీడీఎఫ్‌టుటెక్స్ట్‌తో వరుసల దూరం కొలుస్తుంది. 28.5కి అర పాయింటు దాటి తేడా వస్తే అక్కడే ఆగి, పాంగో, హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్ వెర్షన్లు ముగ్గురివీ తెర మీద చూపిస్తుంది. అంకెలున్న ఒక వరుస, ఐత్వం ఉన్న ఒక వరుస, "రాష్ట్రం" కింద "నదీ" వచ్చే జంట అందులో ఉన్నాయి. పిన్ని నిన్న రాత్రి ఇంకో మాట పంపింది, "దంష్ట్ర" అట. కొలిచాను, ఇది కూడా 520 దగ్గరే ఆగింది. పేజీలో చేర్చాను.